తీపి బిళ్ళ దేనికి బదులు?

తెలుగులో జబ్బుకూ, ఆ జబ్బుకు మూలమని అందరూ అనుకునే పదార్థానికీ పేరు ఒకటే. 'ఆయనకు షుగర్' అంటే రోగం. 'ఆయన షుగర్ మానేశాడు' అంటే చక్కెర. పుస్తకాల్లో మధుమేహమని రాసుకున్నా ఇంట్లోనూ, ఆసుపత్రి వరండాలోనూ, పెళ్లి పంక్తిలోనూ వినిపించే మాట షుగరే. పేరు ఒకటే కావడంతో విరుగుడు కూడా చేతికందినట్టే అనిపిస్తుంది. వంటింట్లో చక్కెర డబ్బా తీసేసి, దాని చోట తెల్లటి చిన్న బిళ్ళల సీసా పెడితే సగం వైద్యం అయిపోయినట్టే లెక్క. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఇంతమంది ఇళ్లలోకి ఆ సీసా ధీమాగా వస్తోంది. ఇంకో పక్క నుంచి 'దానితో క్యాన్సర్ వస్తుందట' అన్న భయమూ అంతే వేగంగా వస్తోంది. ధీమా, భయం రెండూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: ఈ బిళ్ళ మంచిదా, చెడ్డదా? ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు దొరికింది. దొరకనిది, అసలు ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. ఈ పదార్థాలను 'చక్కెరకు బదులు' అంటాం కదా, మన కంచంలో, మన గ్లాసులో ఇవి నిజంగా దేనికి బదులుగా వస్తున్నాయి? మేలూ కీడూ తేలేది ఆ లెక్కలోనే.

ముందు ఇవేమిటో చూద్దాం. నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు చక్కెర ఒక్కటే తాళంచెవి కాదు. వేరే ఆకారపు అణువులు కొన్ని అదే తాళంలో మరింత బిగువుగా కూర్చుంటాయి. చక్కెరతో పోలిస్తే ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు తీపి, శాకరిన్ 300 రెట్ల పైమాటే, సుక్రలోజ్ 600 రెట్లు. కాబట్టి చెంచాడు చక్కెర చేసే పనికి వీటిలో కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంత కొద్దిలో శక్తి లెక్కకు రాదు. వీటిలో చాలావాటిని వెతికి కనిపెట్టలేదు, పొరపాటున నాలుకకు తగిలి బయటపడ్డాయి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఫాల్‌బర్గ్ చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అది శాకరిన్. 1965లో కడుపులో పుండుకు మందు తయారుచేస్తున్న ష్లాటర్ వేలు నాకితే ఆస్పర్టేమ్ దొరికింది. 1976లో లండన్‌లో చదువుకుంటున్న మన దేశపు విద్యార్థి శశికాంత్ ఫడ్నిస్, కొత్త రసాయనాన్ని 'టెస్ట్' చెయ్యమని చెబితే 'టేస్ట్' చెయ్యమన్నారనుకుని నోట్లో వేసుకున్నాడు. సుక్రలోజ్ అలా లోకానికి తెలిసింది. నోటికి తీపి తెలిసిన తర్వాత ఒంటికి ఏమవుతుందో తెలుసుకోవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

క్యాన్సర్ భయంలో ముందు శాకరిన్ సంగతి చూద్దాం. కెనడాలో జరిగిన ప్రయోగాల్లో ఎలుకల మేతలో 5 శాతం దాకా శాకరిన్ కలిపి పెడితే మగ ఎలుకల మూత్రాశయంలో కణితులు వచ్చాయి. 1977లో అమెరికా ప్రభుత్వ సంస్థ దాన్ని నిషేధించబోయింది. ప్రజల ఒత్తిడికి అక్కడి చట్టసభ నిషేధాన్ని ఆపి, పొట్లాల మీద హెచ్చరిక రాయమంది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనలో అసలు సంగతి తేలింది. మగ ఎలుక మూత్రంలో మాంసకృత్తులు, కాల్షియం ఫాస్ఫేట్ ఎక్కువ. అంత మోతాదులో శాకరిన్ చేరితే అవి స్ఫటికాలుగా గడ్డకట్టి మూత్రాశయపు లోపలి పొరను గీరుతాయి. మానిన చోట మళ్లీ గీరుకుని, చివరికి కణితి పుడుతుంది. మనిషి మూత్రం అలాంటిది కాదు. 2000లో అమెరికా క్యాన్సర్ కారకాల జాబితా నుంచి శాకరిన్‌ను తొలగించారు. ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఎలుకలో కణితి కనబడగానే భయపడడం తప్పు కాదు, వెనక్కి తగ్గి జాగ్రత్తపడడం ప్రభుత్వాల ధర్మం. ఆ కణితి ఎలా వచ్చిందో తెలిసిన తర్వాత కూడా అదే భయాన్ని మొయ్యడమే అనవసరం. ఇప్పటికీ మన ఊళ్లలో 'శాకరిన్ విషం' అన్న మాట వినిపిస్తుందంటే, హెచ్చరిక ప్రయాణించినంత దూరం దాని సవరణ ప్రయాణించలేదు.

ఆస్పర్టేమ్ విషయంలో 2023 జూలైలో ఇదే గందరగోళం మళ్లీ జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని '2బి' తరగతిలో, అంటే క్యాన్సర్‌కు కారణం కావచ్చుననే తరగతిలో చేర్చింది. అదే రోజు ఆహార రసాయనాలను పరిశీలించే ఇంకో నిపుణుల సంఘం పాత పరిమితిని మార్చాల్సిన అవసరం కనబడలేదని చెప్పింది. పత్రికల్లో మొదటిది పెద్ద అక్షరాల్లో వచ్చింది, రెండోది అడుగున వచ్చింది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. బావిలో పడితే మనిషి చస్తాడా అన్నది ఒక ప్రశ్న. ఈ వీధిలో నడిచేవాడు ఆ బావిలో పడే అవకాశం ఎంత అన్నది ఇంకో ప్రశ్న. క్యాన్సర్ విభాగం మొదటి ప్రశ్నకు, అదీ 'ఆధారాలు పరిమితం' అంటూ, జవాబిచ్చింది. రెండో సంఘం రెండో ప్రశ్నకు జవాబిచ్చింది. ఆ సంఘం పెట్టిన హద్దు, శరీరపు ప్రతి కిలో బరువుకూ రోజుకు 40 మిల్లీగ్రాములు. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదును వందతో భాగించి పెట్టిన అంకె అది. 60 కిలోల మనిషికి రోజుకు 2,400 మిల్లీగ్రాములన్న మాట. ఒక డైట్ కూల్‌డ్రింక్ డబ్బాలో 200 నుంచి 300 దాకా ఉంటుంది. టీలో వేసుకునే ఒక బిళ్ళలో సుమారు 20 ఉంటుంది. హద్దు దాటాలంటే రోజుకు 120కి పైగా బిళ్ళలు మింగాలి. ఆస్పర్టేమ్ కడుపులో విడిపోయినప్పుడు కొద్దిగా మిథనాల్ పుడుతుందన్న మాట నిజమే. పళ్లరసాల్లోనూ, టమాటా రసంలోనూ అది సహజంగా ఉంటుంది, తరచు ఇంతకంటే ఎక్కువే. దానితో పాటు వచ్చే ఫినైల్‌అలనిన్ పాలలో, పప్పులో, గుడ్డులో దండిగా ఉన్నదే. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుక లోపం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని అరిగించుకోలేరు. వాళ్లకు ఆస్పర్టేమ్ పూర్తిగా నిషిద్ధం. డబ్బాల మీద ఆ హెచ్చరిక అందుకే ఉంటుంది.

ఇదే లెక్క పిల్లలకు వేస్తే అంత నిశ్చింతగా ఉండలేం. 15 కిలోల పిల్లవాడికి ఆస్పర్టేమ్ హద్దు 600 మిల్లీగ్రాములు, రెండు మూడు డబ్బాలతో అది నిండిపోతుంది. శాకరిన్‌కు ఆ సంఘం పెట్టిన హద్దు ఇంకా చిన్నది, కిలోకు 5 మిల్లీగ్రాములు. అంటే అదే పిల్లవాడికి 75. చక్కెర కంటే శాకరిన్ చాలా చౌక, పైగా కొద్దిగా వేస్తే చాలు, బకెట్ నీళ్లు తియ్యనవుతాయి. ఐస్ తయారీలో కొలతలు చూసేవాళ్లు లేనిచోట ఎంత పడుతుందో చెప్పలేం. లక్నోలోని విషశాస్త్ర పరిశోధకులు అక్కడి ఐస్‌క్యాండీలనూ, రంగు వేసిన ఐస్ తురుమునూ పరీక్షించినప్పుడు అనుమతించిన దానికంటే ఎక్కువ శాకరిన్ బయటపడింది. సీసా మీద అక్షరాలున్న బిళ్ళను చూసి బెదిరి, అక్షరం లేని పుల్ల ఐస్‌ను పిల్లల చేతిలో పెట్టడం మన దగ్గర జరుగుతున్న అసలు పొరపాటు.

అలాగని ఈ పదార్థాలు ఒంట్లోకి వచ్చి ఏమీ చెయ్యకుండా వెళ్లిపోతాయని తయారీదారులు చాలాకాలం చెప్పిన మాటను కూడా ఇప్పుడు యథాతథంగా నమ్మలేం. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 120 మంది ఆరోగ్యవంతులను గుంపులుగా విడదీసి, కొన్ని గుంపులకు రెండు వారాల పాటు నాలుగు రకాల తీపి పదార్థాల్లో ఒక్కోదాన్ని హద్దుకు లోబడి ఇచ్చి చూశారు. 2022లో ప్రచురించిన ఆ ఫలితాల్లో నాలుగూ పేగుల్లోని సూక్ష్మజీవుల తీరును ఎంతోకొంత మార్చాయి. శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్లలో కొందరికి రక్తంలో గ్లూకోజ్ అదుపు కాస్త చెడింది, అందరికీ కాదు. ఇక ఎరిత్రిటాల్ అనే ఇంకో తీపి పదార్థం. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఇది ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వస్తున్నాయని గమనించారు. దాన్ని మన శరీరమే స్వయంగా కొంత తయారుచేసుకుంటుంది కాబట్టి, రక్తంలో కనిపించింది తిన్నదా, జబ్బుపడుతున్న ఒళ్లు తయారుచేసిందా అన్నది ఆ గమనింపుతో తేలదు. అయితే 30 గ్రాములు కలిపిన పానీయం తాగిన 8 మందిలో రక్తంలో దాని స్థాయి వెయ్యి రెట్లకు పైగా పెరిగి రోజుల తరబడి హెచ్చుగా ఉండడమూ, ఆ స్థాయిలో రక్తఫలకికలు త్వరగా గడ్డకట్టే గుణం ప్రయోగశాలలో కనిపించడమూ పట్టించుకోవలసినవే. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎరిత్రిటాల్‌తో చేసిన మిఠాయిలూ ఐస్‌క్రీములూ మానుకోవడం మేలని నా అభిప్రాయం. రుజువు పూర్తి కాలేదు కదా అనవచ్చు. మానుకుంటే పోయేది ఒక మిఠాయి మాత్రమే అయినప్పుడు అంత రుజువు కోసం ఆగనక్కరలేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. ఫ్రాన్స్‌లో లక్ష మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఈ పదార్థాలు ఎక్కువగా వాడేవాళ్లకు క్యాన్సర్ ముప్పు 13 శాతం ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బులూ ఎక్కువే ఉన్నాయి. మరి ఇది చాలదా? చాలదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల చేతిలోనే ఊతకర్ర ఎక్కువగా కనిపిస్తుంది, కర్ర వల్ల మోకాళ్లు అరిగాయని ఎవరూ అనరు. ఒళ్లు పెరిగినవాళ్లు, ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లు, డాక్టరు హెచ్చరించినవాళ్లే ఈ బిళ్ళల వైపు ముందు వెళతారు. పరిశోధకులు ఈ తేడాలను లెక్కల్లో సరిచేస్తారు కానీ పూర్తిగా చెయ్యలేరు. అందుకే మనుషులను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసే ప్రయోగాలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో రెండు రకాల ఆధారాలనూ ఒకచోట పెట్టి చూసింది. ప్రయోగాల్లో బరువు సగటున కిలో కంటే తక్కువ తగ్గింది. ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో మాత్రం మధుమేహం, గుండెజబ్బు పెరిగినట్టు కనిపించింది. బరువు తగ్గడానికి వీటిని ఆశ్రయించవద్దని ఆ సంస్థ షరతులతో సలహా ఇచ్చింది. ఆ సలహా ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లను ఉద్దేశించి ఇచ్చింది కాదు. విషమా కాదా అన్నది కూడా అందులో చర్చించలేదు. ఈ రెండు సంగతులూ వార్తల్లో జారిపోయాయి.

కిలో కంటే తక్కువ ఎందుకు తగ్గింది? నా వాదనకు అసలు పునాది ఇక్కడుంది. నెదర్లాండ్స్‌లో 641 మంది బడిపిల్లలతో 18 నెలలు ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. వాళ్లంతా రోజూ తియ్యటి పానీయాలు తాగే అలవాటున్నవాళ్లే. సగం మందికి రోజుకు 250 మిల్లీలీటర్ల చక్కెర పానీయం, సగం మందికి అదే రుచితో చక్కెర లేని పానీయం ఇచ్చారు. ఎవరు ఏది తాగుతున్నారో పిల్లలకు తెలియదు. చక్కెర లేనిది తాగినవాళ్లు రెండోవాళ్ల కంటే సుమారు ఒక కిలో తక్కువ బరువు పెరిగారు. అక్కడ బదులు నిజమైన బదులు. రోజుకు వంద కేలరీల చక్కెర నిజంగానే తప్పుకుంది. తాగేది ఏమిటో తెలియదు కాబట్టి, 'చక్కెర మానేశాను కదా' అన్న చనువుతో ఇంకో బిస్కెట్ తీసుకునే అవకాశం కూడా లేదు. ఇప్పుడు మన దేశానికి వద్దాం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ మధుమేహం ఉన్నవాళ్లలో 12 వారాలు ప్రయోగం చేసింది. కాఫీ, టీల్లో చక్కెర తీసి సుక్రలోజ్ వేసుకున్నవాళ్లకు బరువూ నడుం కొలతా కొద్దిగా తగ్గాయి. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెడూ జరగలేదు, అద్భుతమూ జరగలేదు.

దీనికి కారణం మన కంచంలోనే ఉందనుకుంటాను. రోజుకు మూడు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు అనుకుందాం. మొత్తం 30 గ్రాముల చక్కెర లోపే. అందులో సగమే గ్లూకోజ్, మిగతా సగం ఫ్రక్టోజ్. అంటే టీల ద్వారా రక్తంలోకి నేరుగా వచ్చే గ్లూకోజ్ 15 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అది అరిగితే దాదాపు అంతా గ్లూకోజే. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, పొద్దున ఇడ్లీయో దోసెయో కలిపితే బియ్యం 300 గ్రాములు ఇట్టే దాటుతుంది. ఒక పక్క 15, ఇంకో పక్క 230 పైన. తీపి బిళ్ళ ఆ 15తోనే పోరాడుతుంది, 230ని అది తాకనైనా తాకదు. చక్కెర మానడం దండగని దీని అర్థం కాదు. ఫ్రక్టోజ్ ఎక్కువైతే కాలేయంలో కొవ్వుగా మారుతుంది, చక్కెర వల్ల పళ్లు పుచ్చుతాయి, శక్తి తప్ప అన్నం ఇచ్చే పోషకాల్లో ఒక్కటీ అందులో లేదు. కానీ నాలుకకు తియ్యగా తగిలిందే షుగర్ అనుకున్నంతకాలం కంచం నిండా ఉన్న తియ్యగా లేని షుగర్ కంటికి కనిపించదు. భాష వేసిన ఈ ముడిని ఏ బిళ్ళా విప్పదు.

'షుగర్ ఫ్రీ' మిఠాయిల దగ్గర ఈ ముడి ఇంకా బిగుసుకుంటుంది. చక్కెర వంటలో తీపి ఒక్కటే ఇవ్వదు, ఒడ్డూ పొడుగూ ఇస్తుంది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం అని మనవాళ్లు వేలి కొసన చూసి చెప్పే తేడాలన్నీ చక్కెరా బెల్లమూ నీటిలో ఎంత దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టి వచ్చేవి. కొన్ని మిల్లీగ్రాముల సుక్రలోజ్‌తో పాకం రాదు, అరిసె నిలవదు. అందుకని తయారీదారులు చక్కెర తీసిన చోటు నింపడానికి మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి వాడతారు. వీటికి చక్కెరలో సగానికి పైగానే కేలరీలున్నాయి. మాల్టిటాల్ రక్తంలో గ్లూకోజ్‌నూ ఎంతోకొంత పెంచుతుంది. నాలుగు ముక్కలు ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇక మిగిలిన శనగపిండి, మైదా, కోవా, నెయ్యి ఎక్కడివక్కడే. పూతరేకుల్లో చక్కెర పొడి తీసి బిళ్ళపొడి చల్లినా, రేకు బియ్యపు పిండిదే, మడతల మధ్య నెయ్యి నెయ్యే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం 'షుగర్ ఫ్రీ' అని రాయాలంటే వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకూడదు. ఆ నిబంధన పిండి గురించీ కొవ్వు గురించీ మాట్లాడదు. మామూలు మైసూర్‌పాక్ అయితే ఒక ముక్కతో ఆగే మనిషి, ఆ రెండు మాటలు చూసి మూడు తింటే బదులు తలకిందులైనట్టే. వేడి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆస్పర్టేమ్ మరిగిస్తే తీపి పోతుంది, టీ దించాకే వెయ్యాలి. సుక్రలోజ్‌ను 120 డిగ్రీలు దాటి వేడిచేస్తే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు పుట్టవచ్చని 2019లో జర్మనీ ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. కాబట్టి దాన్ని వేపుడు మిఠాయిల్లోనూ, ఓవెన్‌లో కాల్చే వాటిలోనూ వాడకపోవడం మంచిది.

ఈ రసాయనాల గొడవెందుకు, బెల్లమో తేనో వాడుకోవచ్చు కదా అన్నది మన ఇళ్లలో అన్నిటికంటే గట్టిగా వినిపించే మాట. అనకాపల్లి బెల్లమైనా, తాటి బెల్లమైనా అత్యధిక భాగం చక్కెరే. ఇనుమూ ఖనిజాలూ కొంత ఉన్నమాట నిజం, కానీ చెంచాడు బెల్లంలో వచ్చేది లెక్కలోకి రానంత. ఖర్జూరం, అంజీర్ ముద్ద చేసి కట్టిన లడ్డూలోనూ బరువులో పెద్ద పాలు చక్కెరలే. ఆరోగ్యవంతుడు వీటిని ఇష్టంగా తినవచ్చు. మధుమేహం ఉన్నవాళ్లు చక్కెర మాని బెల్లానికి మారితే రంగు మారుతుంది, రక్తపరీక్ష ఫలితం మారదు. స్టీవియా వేరే సంగతి. పరాగ్వే ప్రాంతపు గ్వారానీ ప్రజలు తరాలుగా నమిలిన ఆకు అది. మన దేశంలో 2015లో దాని సారానికి అనుమతి వచ్చింది. దాన్ని వాడుకోవచ్చు, అయితే 'ఆకు' కాబట్టి అనుకుని కాదు. దాని శుద్ధిచేసిన సారాన్ని కూడా మిగతావాటిలాగే పరీక్షించి, హద్దు పెట్టి, అనుమతించారు కాబట్టి. సాచెట్ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాలు చదవాలి. కొన్నిటిలో పొడిని పెంచడానికి డెక్స్‌ట్రోజ్ కలుపుతారు, అది గ్లూకోజే.

మరి తీపినే మానుకుంటే పోదా? పోతుంది, మానగలిగినవాళ్లకు అంతకంటే మంచి దారి లేదు. చెంచా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. పిల్లలకైతే తీపి బిళ్ళల అవసరమే లేదు. వాళ్ల నాలుకకు ఇంకా అలవాట్లు పడుతున్నాయి, వాటిని ఇంత గాఢమైన తీపితో పాడుచేయకూడదు. కానీ యాభై ఏళ్లుగా రెండు చెంచాల టీ తాగిన మనిషికి ఒక్కసారిగా చేదు టీ ఇచ్చి, అది తాగలేక వారానికల్లా చక్కెరకే తిరిగివెళితే ఎవరికి లాభం? అలాంటివాళ్లకు బిళ్ళ ఊతకర్రలా పనికొస్తుంది. రోజుకు అయిదారు బిళ్ళలు వేసుకుంటూ, అన్నం కొంత తగ్గించి, పప్పూ కూరా పెంచి, భోజనం తర్వాత కాసేపు నడిచే మనిషికి ఆ బిళ్ళల వల్ల హాని జరుగుతుందనడానికి ఇప్పటివరకు ఉన్న ఆధారాలు చాలవు.

చక్కెరను ఇంటినుంచి పూర్తిగా వెళ్లగొట్టిన కుటుంబాలకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు మింగేవాళ్లకు భోజనం ఆలస్యమైనప్పుడు రక్తంలో గ్లూకోజ్ పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఆ నిమిషంలో కంగారుగా తీపి బిళ్ళలు కలిపిన నీళ్లో, డైట్ కూల్‌డ్రింకో పట్టిస్తే నాలుకకు తీపి తెలుస్తుంది, రక్తానికి ఏమీ అందదు. అప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదంటే మూడు చెంచాల మామూలు చక్కెర నీళ్లలో కలిపి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగానే ఉంటే మరోసారి ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. షుగర్ ఉన్న మనిషి ఇంట్లో, అందరికీ తెలిసిన చోట, చక్కెర డబ్బా ఒకటి ఉండాలి.